ఆరో గడిలో టిక్కు

నాకు కోపం త్వరగా రాదు. వచ్చిందంటే మాత్రం పోదు. నాది పాముపగ అనేది మా అమ్మ. పెళ్ళయిన కొత్తలో నేను పెట్టిన పప్పుచారుని పదిమంది ముందు వెక్కిరించిన ఆడపడుచుకి, పదకొండేళ్ళు ఆగి, ఆవిడ గృహప్రవేశం భోజనాల్లో ఆవిడ మాట ఆవిడకే అప్పజెప్పాను. ఆవిడకి అదేమిటో గుర్తు కూడా లేదు. నాకు గుర్తుంది, అది చాలు.

అందుకని ఇందులో క్షమాగుణం కోసం ఎవరూ వెతుక్కోవద్దు. ఒక ఆఫీసులో ఏ ఫోల్డరు ఎవరు తెరవచ్చో, ఎవరు తెరవకూడదో చూసుకునే పని నా చేతిలో ఉన్న రోజుల్లో, నేనొక మనిషి మీద పగ తీర్చుకున్నాను. ఎలా తీర్చుకున్నానో చెప్తాను. ఎంతవరకు తీరిందో చివర్లో మీకే తెలుస్తుంది.

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక చేనేత చీరల హోల్‌సేల్ ఆఫీసులో నేను డిజైన్లు గీస్తాను. మాది పామర్రు అవతల నేతపని వాళ్ళ కుటుంబం. చీర అంచులో నెమలి రావాలంటే ముందు గళ్ళ కాగితం మీద ఒక్కో గడీ నింపుకుంటూ ఆ నెమలిని గీయాలి. ఒక గడి అంటే ఒక పోగు. ఆ గ్రాఫు చూసి అట్టలకు చిల్లులు కొడతారు, ఆ అట్టలు మగ్గానికి ఎక్కిస్తే అంచులోకి నెమలి దిగుతుంది. గడి తప్పితే పోగు తప్పుతుంది, పోగు తప్పితే చీర పోతుంది. ఇరవై ఏళ్ళ నుంచి గీస్తున్నాను, ముందు కాగితం మీద, తర్వాత కంప్యూటర్లో. మావైపు నేతగాళ్ళు నా గ్రాఫు వచ్చిందంటే లెక్క చూసుకోకుండా మగ్గానికి ఎక్కించేవాళ్ళు. నాకు దండలు వెయ్యలేదు, శాలువాలు కప్పలేదు. లెక్క చూసుకోకపోవడమే నాకు మర్యాద.

ఆఫీసు వెనక గదిలో సర్వర్ ఉంటుంది. డిజైన్లు, ఫోటోలు, పార్టీల ఆర్డర్లు, రేట్లు అన్నీ దాంట్లోనే. ఎవరికి ఏది కనపడాలన్నది గ్రూపుల్ని బట్టి ఉంటుంది. మనిషిని గ్రూపులో వేస్తే ఆ గ్రూపుకి ఉన్న హక్కులన్నీ ఆ మనిషికి వస్తాయి, తీసేస్తే పోతాయి. ఇదంతా అమర్చింది వన్‌టౌన్ నుంచి వచ్చి కంప్యూటర్లు బాగుచేసే ఒక సాయిబుగారు. మనుషుల్ని వెయ్యడం, తియ్యడం ఎవరికో ఒకరికి నేర్పాలి కదా, మా యజమాని నన్ను చూపించారు. ఆయన్ని మేమంతా పెద్దాయన అంటాం. కంప్యూటరు ముందు ఎప్పుడూ కూర్చునేది నేనొక్కదాన్నే కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది.

మొదటి గ్రూపు అందరిదీ. రెండోది డిజైన్లు మార్చగలవాళ్ళది, మూడోది డిజైన్లు చూడటం వరకే. నాలుగు ఆర్డర్లు, అయిదు రేట్లు. ఆరోది మాత్రం వేరు. ఒకసారి మా చీరలు మగ్గం దిగకముందే మా డిజైన్లు ఇంకో షాపులో కనపడ్డాయి. ఎవరి చేతుల మీదుగా పోయాయో తేలలేదు. అప్పుడు బయటినుంచి వచ్చి పనిచేసే ఫోటోగ్రాఫరు, ఎగ్జిబిషన్ ఏజెంట్లు, ఇలాంటివాళ్ళందరినీ ఒక గ్రూపులో పెట్టి, ఆ గ్రూపుకి డిజైన్ల ఫోల్డరు మూసేయించారు పెద్దాయన.

సాయిబుగారు దానికి బయటివాళ్ళు అని పేరు పెట్టబోతే పెద్దాయన ఒప్పుకోలేదు. ఎప్పుడైనా వాళ్ళ కంటపడితే నొచ్చుకుంటారని, అన్నింటికీ నంబర్లు పెట్టమన్నారు. ముప్ఫై ఏళ్ళుగా పెళ్ళిళ్ళవాళ్ళకి చీరలమ్మిన మనిషి, ఎవరు దేనికి నొచ్చుకుంటారో ఆయనకు తెలుసు. వెళ్ళేముందు సాయిబుగారు నాకు ఒక మాట గట్టిగా చెప్పారు.

“అక్కా, ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. అయిదు గ్రూపులు రమ్మన్నా ఒక్క గ్రూపు వద్దందంటే వద్దే. సర్వర్‌కి మొహమాటం ఉండదు.”

రెండేళ్ళ క్రితం పెద్దాయన అల్లుడుగారు ఆఫీసుకి రావడం మొదలుపెట్టారు. మైలవరం వైపు మామిడి తోటలున్న కుటుంబం. అంతకుముందు ఎక్కడో ఫోన్లు అమ్మే కంపెనీలో మేనేజరుగా చేశారట. పెళ్ళయి ఆరేళ్ళయినా ఆయన ఇంకా అలకపాన్పు దిగలేదు. కాఫీ ముందు ఇంకొకరికి ఇచ్చినా, తన కారుకి ఎవరైనా అడ్డం నిలిపినా, మొహం మాడ్చుకుని కూర్చునేవారు. అత్త సొమ్ము అల్లుడి దానం అంటారు, ఈయన దానం కూడా చెయ్యలేదు. ఉన్నదాన్నే తనదని చెప్పుకున్నారు. కొత్త కేటలాగులో డిజైన్ల కింద ఆయన పేరు వేసుకున్నారు. పెద్దాయన చూశారు, నేనూ చూశాను, ఎవరం ఏమీ అనలేదు.

ఆ నెలలోనే ఒక పొద్దున నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. డిజైన్లు ఎవరు పడితే వాళ్ళు మార్చకూడదని, ఇకనుంచి అన్నీ తన చేతి మీదుగానే జరగాలని, నన్ను రెండో గ్రూపులోంచి తీసి మూడో గ్రూపులో వెయ్యమని చెప్పారు. చెప్పింది నాకే, చెయ్యాల్సిందీ నేనే. ఆయన చూస్తూ ఉండగా నా పేరు నేను తీసుకున్నాను. ఇరవై ఏళ్ళ నా గీతలు అప్పటినుంచి నేను చూడచ్చు, ముట్టుకోకూడదు.

కావాలంటే ఆ మధ్యాహ్నమే మళ్ళీ నన్ను నేను వేసుకోగలిగేదాన్ని. కానీ ఎవర్ని ఎప్పుడు ఎవరు మార్చారో సర్వర్ రాసిపెట్టుకుంటుంది. అయినా నా పనిలోకి నేనే దొంగలా దూరడమా? కుళ్ళి కుళ్ళి ఏడ్చే రకాన్ని కాదు, ఇంటికెళ్ళి రోట్లో గోంగూర పచ్చడి నూరాను. రోలు పగలనందుకు మా ఆయన ఆశ్చర్యపోయారు.

తర్వాత నెమలి గొడవ వచ్చింది. నేను గీసిన నెమలి అంచు అయిదంగుళాలది. సన్న అంచులు బాగా పోతున్నాయని అల్లుడుగారు దాన్ని కంప్యూటర్లో నొక్కి మూడంగుళాలకు కుదించారు. ఫోటో అయితే కుదిస్తే చిన్నదవుతుంది. గ్రాఫు కుదిస్తే గళ్ళు మాయమవుతాయి. ఒక గడి వెడల్పున్న గీతలు ముందు పోతాయి. నెమలి ఎడమ కాలు అలా పోయింది. ఆ గ్రాఫే అట్టలు కొట్టే చోటుకి, అక్కణ్ణించి పామర్రు అవతల మా ఊరి నేతగాడికి వెళ్ళింది. ఆయన మా నాన్న ఈడువాడు, నాకు చిన్నాన్న వరస.

మగ్గం ఎక్కించిన మర్నాడే ఆయన ఫోన్ చేశాడు.

“అమ్మా, నెమలికి ఒంటికాలే వస్తంది. నువ్వట్టాగే గీశావా, నేనేవన్నా తప్పు నేస్తన్నానా?”

చూస్తే కాలు లేదు. సరిచేద్దామంటే ఫైలు నాకు మారదు. నా పాత గ్రాఫు పంపుదామంటే అది అయిదంగుళాలది, మగ్గం మీదున్నది మూడు. అల్లుడుగారి దగ్గరికి వెళ్ళి చెప్పాను. తెరమీద నుంచి తల ఎత్తకుండా, ఇప్పుడదే స్టైలనీ, నేయమని చెప్పమనీ అన్నారు. నేను చిన్నాన్నకి అదే చెప్పాను. ఆయన అడిగింది నన్ను, నెయ్యమన్నది నా గొంతు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకు మంటే.

మూడు చీరలు నేసి పంపాడు. పెద్దాయన మడత విప్పి చూసి పక్కన పడేశారు. గ్రాఫు ఎవరిదని అడిగితే, గీసింది ఆవిడేగా అన్నారు అల్లుడుగారు. నేను ఊరుకోలేదు. ఫైలు ఎవరు మార్చారో, ఏ రోజు మార్చారో సర్వర్లో చూపించాను. పెద్దాయన కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నారు. తనకి తెలుసన్నారు. తెలిసినా అల్లుడు కదమ్మా, ఏం చెయ్యమంటావు అన్నారు. కూలీ లేకుండా చీరలు వెనక్కి పోయాయి.

ఆ చీరలు నేనే తీసుకెళ్ళాను. ఆఫీసు మనిషితో పంపడానికి మనసొప్పలేదు. చిన్నాన్న మగ్గం గుంటలోంచి పైకి రాలేదు, కూర్చునే అందుకున్నాడు. గొడవ పెట్టుకుంటే బాగుండేది. నన్ను తిడితే జవాబు చెప్పేదాన్ని. ఆయన చీరలు ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా మాట్లాడాడు.

“నీ గ్రాఫని పోగు లెక్క చూసుకోలేదమ్మా నేను. ఇకమీదట చూసుకుంటాలే.”

బస్సులో వస్తూ నేను అల్లుడుగారిని నాకు వచ్చిన తిట్లన్నీ తిట్టుకున్నాను. కంకిపాడు దాటేసరికి తిట్లు అయిపోయాయి. బెంజ్ సర్కిల్లో దిగేసరికి ఈ మనిషికి ఇంతకింత చెయ్యకపోతే నా పేరు నాది కాదనుకున్నాను. ఎలా చెయ్యాలో తెలియదు. ఆయనే వచ్చి చెప్పారు.

నా బల్ల అద్దం కింద ఒక పట్టిక ఉండేది. అడ్డంగా ఆరు గ్రూపులు, నిలువుగా మనుషుల పేర్లు, ఎవరు ఎందులో ఉన్నారో టిక్కులు. ఒకరోజు అల్లుడుగారు కాఫీ తాగుతూ వంగి అది చూశారు. శుభలేఖలో బంధువుల పేర్లు చదివినట్టు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివారు. మామగారికి అయిదు టిక్కులున్నాయి. తనకి నాలుగు. ఆరో గడిలో ఫోటోగ్రాఫరుకి టిక్కుంది, తనకి లేదు. మొహం మాడిపోయింది.

“ఫోటోగ్రాఫరుకి ఉన్నది నాకు లేదా? ఆరింట్లోనూ నా పేరు వెయ్యండి.”

ఇక్కడ ఒక సంగతి. ఆ ఆరోది ఎందుకో నేను చెప్పబోయాననీ, ఆయన చెయ్యి అడ్డంపెట్టి చెప్పింది చెయ్యండి అన్నారనీ, తర్వాత ఆఫీసులో అందరికీ చెప్పాను. మా ఆయనకీ అదే చెప్పాను. అబద్ధం. నేను నోరు తెరవలేదు. “అలాగేనండీ” అన్నాను, అంతే. ఆ అలాగేనండీ అన్నంత ఇష్టంగా నేను జీవితంలో ఇంకేదీ అనలేదు.

రేట్ల గ్రూపు ఉంది కాబట్టి పెద్దాయన్ని అడగాలి. అడగడానికి ఆయన సూరత్ పార్టీతో ఫోన్లో గట్టిగా మాట్లాడుతున్న సమయం చూసుకుని వెళ్ళాను. అల్లుడుగారు అన్ని గ్రూపుల్లోనూ వెయ్యమంటున్నారండీ అన్నాను. ఫోనుకి చెయ్యి అడ్డంపెట్టి, వెయ్యమ్మా, ఇంట్లో గొడవెందుకు అన్నారు. వచ్చి వేశాను. అయిదో గడిలో ఒకటి, ఆరో గడిలో ఒకటి. పట్టిక మళ్ళీ ప్రింటు తీసి అద్దం కింద పెట్టాను. ఆయన వచ్చి చూసుకుని, మామగారి కంటే ఒకటి ఎక్కువే ఉందని లెక్కపెట్టుకుని వెళ్ళారు.

వెంటనే ఏమీ జరగలేదు. గ్రూపు మార్చినా, మనిషి బయటికి పోయి మళ్ళీ లాగిన్ అయితేగాని సర్వర్ పట్టించుకోదు. అల్లుడుగారు లాప్‌టాప్ మూత మూస్తారేగాని ఆపరు. రోజూ పొద్దున ఆయన మూత తెరవడం, నేను ఓరకంట చూడడం, డిజైన్లు మామూలుగా తెరుచుకోవడం. తొమ్మిది రోజులు గడిచాయి. గోతికాడ నక్కని నేనే అనుకుని నాలో నేను నవ్వుకున్నాను. ఆ తొమ్మిది రోజులూ నాకు అన్నం రుచిగా ఉంది, ఎండ కూడా చల్లగా ఉంది.

పదో రోజు చెన్నై నుంచి ఒక పార్టీ వచ్చారు, భార్యాభర్తలు. పెద్ద షాపు వాళ్ళది. పైగదిలో పెద్ద టీవీకి లాప్‌టాప్ తగిలించి అల్లుడుగారు డిజైన్లు చూపించబోయారు. ముందురోజు సాయంత్రం ఆ లాప్‌టాప్ ఏదో అప్‌డేటు వేసుకుని తనంతట తానే ఆగి మొదలైందట. ఆయన పాస్‌వర్డ్ కొట్టి, అందరివైపూ తిరిగి, ఇవన్నీ తన కలెక్షన్ అని చెప్పి, ఫోల్డరు మీద నొక్కారు.

ఈ ఫోల్డరు తెరవడానికి మీకు పర్మిషన్ లేదని టీవీ నిండా ఇంగ్లీషులో వచ్చింది. మళ్ళీ నొక్కారు. మళ్ళీ వచ్చింది. చెన్నై ఆయన మర్యాదగా కిటికీలోకి చూశాడు. నన్ను పిలిచారు. నేను పట్టిక పట్టుకునే మెట్లెక్కాను, అడుగుతారని తెలుసు. అల్లుడుగారు చెమటలు కక్కుతూ, ఏం చేశారండీ అని అడిగారు.

“మీరు చెప్పినట్టేనండీ. ఆరింట్లోనూ ఉన్నారు.”

పట్టిక పెద్దాయన చేతికిచ్చాను. ఆయన చూపు ఆరో గడి దగ్గర ఆగింది. అది ఎవరి గ్రూపో, దానికి పేరు ఎందుకు పెట్టలేదో ఆ గదిలో ఆయనకీ నాకూ మాత్రమే తెలుసు. పట్టిక మడిచి, నీ లాగిన్‌తో తెరువమ్మా అన్నారు. చూడటానికి నాకు హక్కుంది కదా, తెరిచాను.

ఒక్కో డిజైనూ చూపిస్తూ ఎన్ని పోగుల అంచో, ఏ ఊళ్ళో నేస్తారో, ఎక్కడ రంగు మారుతుందో చెప్పాను. అల్లుడుగారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. చెన్నై ఆవిడ తనకొచ్చిన తెలుగులో, ఇవి ఎవరు గీశారని అడిగింది. నేనేనండీ అన్నాను. అక్కడితో ఆపచ్చు. ఆపితే మంచిదాన్ని అయ్యేదాన్ని. ఒంటికాలి నెమలి ఫైలు తెరిచి టీవీ నిండా చేసి, ఇదొక్కటీ అల్లుడుగారు సరిచేశారండీ అన్నాను.

ఆవిడ కాళ్ళు లెక్కపెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆవిడ భర్త కూడా ఇక దాచుకోలేకపోయాడు. అల్లుడుగారి మెడ దగ్గర నరం కదలడం నాకు కనపడింది. అది చూడటానికే నేను తొమ్మిది రోజులు కూర్చున్నాను.

వాళ్ళు ఆర్డరిచ్చి వెళ్ళాక పెద్దాయన మా ఇద్దరినీ గదిలోకి పిలిచారు. ఆరో గ్రూపు అంటే ఏమిటో అల్లుడుగారికి ముందు చెప్పావా అని నన్ను అడిగారు. చెప్పబోయానండీ, వినలేదు అన్నాను. అల్లుడుగారు కాదంటారనీ, అరుస్తారనీ ఎదురుచూశాను. జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన మామగారి వైపు తిరిగారు.

“చెప్పే ఉంటారు మావయ్యగారూ. నేనే విని ఉండను. సారీ అండీ.”

ఎవరి మాటా వినని మనిషికి, ఎవరు ఏం చెప్పారో తెలియదు సరే, ఎవరు ఏం చెప్పలేదో కూడా తెలియదు. చేసిన తప్పుకు ఆ మనిషి ఒక్కమాట అనలేదు, చెయ్యనిదానికి సారీ చెప్పి వెళ్ళిపోయారు. ఆ సారీ నేను తీసుకున్నాను. ఇప్పటికీ తిరిగి ఇవ్వలేదు.

ఆయన వెళ్ళాక పెద్దాయన నావైపు చూశారు.

“అతను వినడు, నిజమే. నేను వింటానుగదమ్మా. నాకెందుకు చెప్పలేదు?”

“నెమలి సంగతి మీకు చెప్పానుగదండీ.”

ఆయన కళ్ళజోడు తియ్యబోయి ఆగారు. రెండో గ్రూపులో నా పేరు వేసుకోమన్నారు. కూలీ ఇచ్చి ఆ మూడు చీరలూ తెప్పించమన్నారు. ఆ తర్వాత ఈ గ్రూపుల పని సాయిబుగారికి అప్పజెప్పెయ్యమన్నారు. కోపంగా అనలేదు. అల్లుణ్ణి గుమ్మం బయట నిలబెట్టినదాని దగ్గర తాళాలు ఉంచడం ఎవరికైనా కష్టమే, నేనైనా ఉంచను. వెనక గదిలోకి వెళ్ళి ఆరో గడిలో అల్లుడుగారి టిక్కు తీసి, రెండో గడిలో నా టిక్కు పెట్టి, గ్రూపులు మార్చే హక్కు వదిలేసుకున్నాను.

మర్నాడు నెమలిని మూడంగుళాలకు నా చేత్తో మళ్ళీ మొదటినుంచి గీశాను. కుదించలేదు, ఒక్కో గడీ నింపాను. రెండు కాళ్ళూ, గోళ్ళతో సహా. చిన్నాన్నకి పంపి, కబురు కోసం కూర్చున్నాను. నాలుగో రోజు ఫోన్ చేశాడు. చీరలు తీసుకెళ్ళారనీ, కొత్త గ్రాఫు అందిందనీ చెప్పాడు. మగ్గం ఎక్కించావా చిన్నాన్నా అని అడిగాను.

“ఎక్కించానమ్మా. పోగులు లెక్కపెట్టుకున్నాను, సరిపోయినయ్.”

మంచిదన్నాను. ఫోను పెట్టేశాను. పక్క గదిలో అల్లుడుగారు ఎవరితోనో గట్టిగా నవ్వుతూ మాట్లాడుతున్నారు.